వర్దీ వేషం – బందూకు నేరం



మా బడి నాటకంలో సిపాయి వేషం కట్టిన పిల్లవాడు "ఇది నేరమా సార్?" అని అడిగినాడు. కాదు బేటా అన్నాను. చట్టం బట్టను కాదు, ఉద్దేశ్యాన్ని చూస్తుంది. సైనికుడు కానివాడు, జనం తనను సైనికుడని నమ్మాలని ఆ దుస్తులు వేసుకుంటేనే నేరం. పాత శిక్షాస్మృతి 140వ సెక్షన్‌లో ఇందుకు 3 నెలల దాకా ఖైదు, లేదా 500 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇది 168వ సెక్షన్. ఖైదు అంతే, జుర్మానా మాత్రం 2,000 దాకా.

"మూడు నెలలే గదా" అనుకోవద్దు. అదే మనిషి దగ్గర లైసెన్సు లేని తుపాకి దొరికితే 1959 నాటి ఆయుధాల చట్టం వేరుగా పట్టుకుంటుంది. 2019 సవరణ తర్వాత మామూలు తుపాకికి 2 నుండి 5 ఏండ్లు, నిషిద్ధ ఆయుధమైతే 7 నుండి 14 ఏండ్లు. పైన జుర్మానా.

కరీంనగర్, ఆదిలాబాద్ తమ్ముళ్ళారా! "దోస్తు దాచమన్నాడు" అంటే కోర్టు వినదు. తెలిసి దాచినవాడూ దోషియే. ఇంట్లో లైసెన్సు తీరిపోయిన తాతల నాటి తుపాకి ఉంటే ఆలస్యం చేయక ఠాణాలో జమ చేయండి. జైలుకు పోయేది కొడుకైనా, కచేరీల చుట్టూ తిరిగేది తల్లి.