పొలములోని కంటికి కానరాని కుటుంబము
(రేణిగుంట వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియేండ్లు బాలురకు శబ్దమంజరియు, రఘువంశమును చెప్పినవాడు నేలనుగూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మనలో పెక్కుమందికి జీవనాధారము నేలయే. నేనును మా తండ్రిగారి వేరుసెనగచేనికి వారసుడను. వారు వేసవియందు చేనిలో గొఱ్ఱెలమంద కట్టించెడివారు. చెఱువుమన్ను బండ్లతో తోలించెడివారు. నేను ఉద్యోగమున మునిగి యా రెంటిని మానితిని; ఎరువుల బస్తాలతో సరిపెట్టుకొంటిని. నేడు వాన వెలిసి యెండ కాయగానే యా నేల పలకవలె గట్టిపడుచున్నది. ఈ తప్పు నాది.

కేంద్రప్రభుత్వమువారు 2015 ఫిబ్రవరి 19వ తేదీన ప్రారంభించిన పథకము క్రింద రైతులకు సాయిల్ హెల్త్ కార్డులు లభించినవి. నత్రజని, భాస్వరము, పొటాషు మొదలుగా 12 అంశములు అందు కనబడును. అది యింటిలోని ధాన్యపు లెక్క. ఇంటిలో నెవరున్నారో, వారు పనిచేయగలవారో కాదో అది చెప్పదు.

సారవంతమైన మన్ను ఒక గ్రామునందు నూరుకోట్ల వఱకు బాక్టీరియా లుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆకులలమలను కుళ్లించి పైరుకు ఆహార మొసగునవి కొన్ని. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో పట్టి యిచ్చునవి కొన్ని. హాలెండుదేశీయుడగు బైజరింక్ పండితుడు 1888లో బుడిపెల బాక్టీరియాను వేఱుచేసి పెంచెను. అయితే నేలలోని బాక్టీరియాలో అత్యధికభాగము ప్రయోగశాల పళ్లెములలో పెరుగదు. కనుక చాలకాలము వాని యునికియే తెలియలేదు.

ఈ యడ్డు జన్యుశాస్త్రమువలన తొలగినది. మన్నులోని కణములను పగులగొట్టి డి.ఎన్.ఏ.ను వెలికితీసి, అందలి యక్షరక్రమమును చదువుదురు. 16 ఎస్ అను జన్యువు బాక్టీరియా లన్నిటియందును కలదు. సుమారు 1,500 అక్షరములు కలది. కొన్ని భాగములు అన్నిటికిని సమానములు, కొన్ని వంశమునుబట్టి మాఱును. ఇట్టి పోలికలతో జీవుల వంశవృక్షమును 1977లో అమెరికాలోని కార్ల్ వోస్ పండితుడు మార్చివ్రాసెను. మన వాడుకలో చెప్పవలెనన్న ఇది బాక్టీరియాయొక్క గోత్రప్రవర.

అయినను గోత్రము విన్నంతమాత్రమున మనిషి పని తెలియదు గదా! బాక్టీరియా విషయమును నంతియే. నత్రజనిని పట్టు విద్య కలదా యనునది నిఫ్ హెచ్ అను వేఱొక జన్యువువలన తెలియును. విద్యయున్నను నేడు పనిచేయుచున్నదో లేదో దానివలన తెలియదు. చచ్చిన కణముల డి.ఎన్.ఏ.యు కొంతకాలము మన్నులో నిలుచును. కాబట్టి యొక్క పరీక్షతో నేల మంచిదనిగాని చెడ్డదనిగాని తీర్పు చెప్పరాదు. ఒకే తీరు మన్నుగల రెండు చేలను, మంద కట్టినదానిని, కట్టనిదానిని, ఒకే ఋతువున, కొన్నియేండ్లు వరుసగా పోల్చవలెను. కార్డుకొఱకు మన్నును నీడన ఆరబెట్టుదురు. ఈ పరీక్షకు మాత్రము శుభ్రమైన పనిముట్టుతో తీసి, వెంటనే మంచులో నుంచి పంపవలెను.

ఇది యొక్కొక్క రైతు భరింపగల వ్యయము కాదు. కావున పోషకులకు నా విన్నపము: సంఘనిధినుండి రెండు చేల పరీక్షకు సొమ్ము కేటాయింపుడు. మనకు సమీపముననే ఏర్పేడులో 2015లో స్థాపితమైన ఐసర్ విద్యాసంస్థ కలదు. తిరుపతిలో వ్యవసాయకళాశాల కలదు. మన పిల్లలు అచటి యధ్యాపకుల నాశ్రయించి యీ విద్య నేర్చుకొందురుగాక.

అంతవఱకు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. పూతకు వచ్చిన వేరుసెనగ మొక్కను మెల్లగా పెకలించి వేళ్ల బుడిపెను గోటితో చీల్చుడు. లోపల ఎఱ్ఱగా నున్న బాక్టీరియా పనిచేయుచున్నవి. తెల్లగానో పచ్చగానో యున్న పని సాగుటలేదు.

ఈ వేసవికి నా చేనిలో సగమున మంద కట్టించి, సగము విడిచెదను. కలిగిన ఫలము, మంచియైనను చెడ్డయైనను, వచ్చు మహాసభయందు దాచక మనవిచేసెదను.