పాత ఇంజన్లకు విడిభాగాలు వెదకడం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలిని. నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. ఓపికతో వినవలసిందిగా మనవి.

సాహిత్యం గురించి, సంగీతం గురించి చెప్పగలవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. నేను మా ఇంటి విద్య గురించి నాలుగు మాటలు చెబుతాను. మన ఇళ్లలో తాతల నాటి చిన్న ఇంజన్లు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. పడవకు తగిలించే మోటారు, నీళ్లు తోడే పంపు, చిన్న డీజిల్ ఇంజను. అది ఆగిపోతే "తయారీ ఆగిపోయింది, భాగాలు దొరకవు, పారేయండి" అంటారు. చాలావరకు దొరుకుతాయి. వెదికే పద్ధతి తెలియాలి.

మా తాతగారు విశాఖ జిల్లా నుండి మలయా రబ్బరు తోటకు వచ్చారు. నాన్నగారు తోట బడిలో తెలుగు చదువుకుని, తరువాత సింగపూరు వచ్చి సెంబవాంగు నౌకా స్థావరంలో ఫిట్టరుగా చేరారు. 1968లో ఆ నౌకా మరమ్మతుశాల సెంబవాంగ్ షిప్‌యార్డు అయింది. ఆయన పని అక్కడే సాగింది. ఆదివారం వస్తే మాత్రం నన్ను వెంటబెట్టుకుని సుంగై రోడ్డుకు బయలుదేరేవారు.

పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. రోచోరు కాలువ పక్కన 1930ల నుండి సాగిన పాత సామాన్ల బజారు అది. దొంగల బజారు అని దానికి పేరు. మలయు మాట్లాడేవారు "రాబిన్సన్ పెటాంగ్" అని వేళాకోళం చేసేవారు, అంటే మధ్యాహ్నపు రాబిన్సన్ అని. రాబిన్సన్స్ అంటే ఆ రోజుల్లో దొరల దుకాణం. యుద్ధం తరువాత బ్రిటిష్ సైన్యం వదిలిన సామాను కూడా ఈ బజారుకే చేరేది. 2011లో మెట్రో పనుల కోసం స్థలం తగ్గించారు. 2017 జూలై 10న బజారు మూతపడింది.

అక్కడ గోనెపట్టా మీద ఇనుప సామాను పరచుకుని కూర్చునే పెద్దవాళ్ల చేతిలో ఒక ముక్క పెడితే, తిప్పి చూసి, "ఇది ఫలానా ఇంజనుది" అనేవారు. పాత ఇనుము ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఆ జ్ఞాపకశక్తి దొరకడం కష్టం. కనుక ఇక మీదట మనమే మూడు సంగతులు రాసిపెట్టుకోవాలి: పేరు, నంబరు, కొలత.

మొదట పేరు, నంబరు. మా ఇంట్లో ఉన్నది బ్రిటిష్ సీగల్ పడవ మోటారు. ఇంగ్లండులో పూల్ అనే ఊళ్లో తయారయ్యేది. 1990లలో తయారీ ఆగింది. దాని ఒంటి మీద అక్షరాలతో మొదలయ్యే నంబరు ఒకటి ముద్ర కొట్టి ఉంటుంది. ఆ నంబరు చెబితే ఏ మోడలో, ఏ కాలానిదో తేలుతుంది. ఇంగ్లండులో ఇప్పటికీ దానికి భాగాలు అమ్మేవారున్నారు. నంబరు చెప్పకుండా "సీగల్ భాగం కావాలి" అంటే వాళ్లేం చేయగలరు?

రెండవది కొలత. తయారీదారు పోయినా కొన్ని భాగాలు పోవు, ఎందుకంటే అవి అసలు ఆ తయారీదారువి కావు. బేరింగు చూడండి. దాని అంచు మీద 6203 అని ఉంటే, ఏ దేశంలో చేసినా లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి చుట్టు 40 మి.మీ., మందం 12 మి.మీ. అంకె అరిగిపోతే కొలవండి, కొలతే నంబరు చెబుతుంది. జలాన్ బెసార్ పక్కన హార్డ్‌వేరు దుకాణానికి ఆ నంబరు తీసుకువెళితే చాలు. ఇంజను పేరు కూడా అడగరు.

గ్యాస్కెట్ దొరకకపోతే చేసుకోవచ్చు. గ్యాస్కెట్ కాగితాన్ని భాగం మీద పరచి, గుండు సుత్తితో అంచు వెంట మెల్లగా తడితే ఆకారం తెగి వస్తుంది. సిలిండరు తల కింద వేసేదానికి మాత్రం కాగితం పనికిరాదు.

ఇక పనిముట్లు. పాత ఇంగ్లీషు యంత్రాల బోల్టులకు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఏర్పరచిన కొలతలు ఉంటాయి. ఆ పానా మీద పావు అంగుళం అని ఉంటే అది బోల్టు లావు, పానా నోరు కాదు. నోరు సుమారు 13.3 మి.మీ. ఉంటుంది. 13 పానా ఎక్కదు. 14 పానా జారి నట్టు మూలలు అరగదీస్తుంది. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మర చుట్లు, అమెరికా బోల్టుకు 13. చూపుకు ఒకటే, బలవంతంగా బిగిస్తే రెండూ పాడవుతాయి. కనుక నాన్నల పెట్టెల్లో విట్‌వర్త్ పానాలు ఉంటే దయచేసి కరుంగ్ గుని వాడికి వేయకండి.

ఇంగ్లండులో ఆగిపోయినది మన దేశంలో సాగుతూ ఉండవచ్చు కూడా. లిస్టరు డీజిల్ ఇంజను ఇంగ్లండులో డర్స్‌లీలో పుట్టింది. అదే నమూనా ఇంజన్లను గుజరాతులోని రాజకోటలో చేస్తూ వచ్చారు. కాబట్టి ఇండియాకు వెళ్లినప్పుడు చీరల దుకాణాలతో పాటు సికిందరాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ కూడా ఒకసారి చూసి రండి. పాత ముక్కను వెంట తీసుకువెళ్లండి, లేదా కొలతలు రాసుకువెళ్లండి.

చివరిగా ఒక్క సంగతి. నాన్నగారు పోయాక ఆయన పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. అంతా తెలుగే. మన బడుల్లో తెలుగు లేదు. నేను, మా అన్నదమ్ములు తమిళం చదువుకున్నవాళ్లం. ఒక్కరికీ ఒక్క పంక్తి తెలియలేదు. పదవీ విరమణ తరువాత సాయంకాలపు తరగతిలో చేరి, రెండేళ్లకు ఆ పుస్తకం విప్పాను. పానా, ఆకురాయి, మర అనే మాటలు ఆయన నోట విన్నవే, రాతలో మొదటిసారి చూశాను. ఒకచోట ఇలా ఉంది: "సీగలు. ప్లగ్గు 18 మి.మీ. పెట్రోలు పది పాళ్లకు నూనె ఒక పాలు."

ఈనాటి రెండు స్ట్రోకుల మోటార్లకు చాలావాటికి యాభై పాళ్లకు ఒక పాలు నూనె చాలు. మా మోటారు చూసిన ఒక మెకానిక్కు కూడా అంతే కలపమన్నాడు. ఆనాటి సీగల్ లోపల ఉన్నవి కంచు బుష్‌లు, వాటికి ఆ నూనె చాలదు. మా మోటారు నీళ్ల పీపాలో మళ్లీ తిరిగిందంటే ఆ పంక్తి చదవగలగడం వల్లనే.

అందుచేత నా మనవి ఇది. మీ ఇంట్లో పాత ఇంజను గాని, కుట్టు మిషను గాని, పనిముట్ల పెట్టె గాని ఉంటే, దాని సంగతి తెలిసిన పెద్దవారు ఉండగానే పక్కన కూర్చోండి. పేరు, నంబరు, కొలత రాయించుకోండి. తెలుగులో ఒకసారి, మీ పిల్లలు చదివే భాషలో ఒకసారి రాయండి. పాత నోటుబుక్కు ఏదైనా దొరికి చదవడం రాకపోతే పారేయకండి. మా తరగతికి తీసుకురండి, కూడబలుక్కుని చదువుదాం.