విజయనగర స్మారక ప్రదర్శనము: చిత్రముల క్రింద ఏమి వ్రాయవలెను?

(మన సంఘ భవనమున ఏర్పాటైన విజయనగర స్మారక చిత్రప్రదర్శన ప్రారంభసభలో కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగపాఠము)



ఈ ప్రదర్శనమును గూర్చి నాలుగు మాటలు చెప్పు భారమును కార్యవర్గమువారు నాపై నుంచిరి. నేను పండితుడను కాను. పదవ తరగతితో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. కావున చరిత్రకారుల పనిని వారికే విడిచి, ఈ చిత్రములను గోడలకు తగిలించు సమయమున మాలో మాకు కలిగిన ఒక వివాదమును, దానిపై నా అభిప్రాయమును మీ ముందుంచెదను.

1565 జనవరి 23వ తేదీన కృష్ణానదీ ప్రాంతమున, రక్కసి, తంగడి గ్రామముల చెంత జరిగిన యుద్ధమున అళియ రామరాయలు పట్టుబడి వధింపబడెను. తళ్లికోట యుద్ధమని మనము చెప్పుకొనునది ఇదియే. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధనమును ఏనుగులపై కెక్కించి పెనుకొండకు తరలిపోయెను. రాజు పోయెను, సైన్యము చెదరెను, ధనము తరలెను. పురజనులు మాత్రము నగరమున మిగిలిరి. విజేతల సేనలు రాకముందే చుట్టుపట్ల దోపిడిమూకలు అంగళ్లపై బడినవని పోర్చుగీసు చరిత్రకారుడైన కూటో వ్రాసెను. పిమ్మట సేనలు ప్రవేశించి, నెలల తరబడి దోచి, కాల్చి, కూల్చినవి. 1336 నుండి రెండు వందల సంవత్సరములకు పైగా పెరిగిన మహానగరము ఆ ఒక్క ఏట పాడుపడెను.

ఆ నగరము హంపి. 2021లో విజయనగర జిల్లా వేరుపడు వరకు అది మన బళ్లారి జిల్లాలోనిదే. మనలో హంపీ చూడనివారు అరుదు. అయినను మనము చూచినదేమి? విరూపాక్షుని గోపురము, విఠ్ఠలాలయము, రాతిరథము, గజశాల, మహానవమి దిబ్బ. ఇవి దేవతలవి, రాజులవి. రాతితో కట్టినవి కావున నిలిచినవి. సామాన్యుల ఇండ్లు మట్టివి, గడ్డికప్పులవి. వారు లేరు, వారి ఇండ్లును లేవు. సభామంటపమున సైతము నూఱు కొయ్యస్తంభములు నిలిపిన రాతి గుర్తులే మిగిలినవి. రాళ్లను మాత్రము చూపు ప్రదర్శనము రాజులను స్మరించును గాని జనులను స్మరింపదు. అందుకే మొదటి గోడను మేము బజారులకు కేటాయించితిమి.

1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాకు ఈ నగరమునకు వచ్చి, రత్నవర్తకులు బహిరంగముగా వీథిలోనే మణులమ్ముట చూచి విస్మయమందెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు వాడు పేస్ దీనిని రోము నగరముతో పోల్చి, ప్రపంచమున ఇంతకంటె సరుకులు సమృద్ధిగా దొరకు పట్టణము లేదని వ్రాసెను. బారులు తీరిన రాతి మంటపములు నేటికిని విరూపాక్ష బజారునను, కృష్ణ బజారునను, విఠ్ఠలాలయము ముందరను కలవు. అంగడి నడుపువారికి ఆ మంటపములు చూడగానే లోపల కూర్చున్న మనిషి తోచును: తూచువాడు, లెక్క వ్రాయువాడు, బేరమాడువాడు, గుఱ్ఱమును తెచ్చి వెల చెప్పువాడు.

విధ్వంసము జరిగిన రెండేండ్లకు, అనగా 1567లో, వెనీసు వర్తకుడు సీజరు ఫెడరిచి అచ్చటికి వచ్చి ఏడు నెలలు నిలిచెను. ఇండ్లు నిలిచియున్నను అవి శూన్యములనియు, పులులును అడవిమృగములును అందు సంచరించుచున్నవనియు ఆయన వ్రాసెను. ఆయన చెప్పిన మఱియొక సంగతి ఉన్నది. తిరుమలరాయలు నగరమును మరల నిలుపదలచి, యుద్ధమున పోయిన గుఱ్ఱములను తెచ్చినవారికి మంచి వెల ఇత్తునని వర్తకులకు కబురంపెను. వారు తెచ్చిరి. ఆయన గుఱ్ఱములను తీసికొని, వెల చెల్లింపక పంపివేసెను. గోడలు మరల కట్టవచ్చును గాని, మాట పోయిన చోటికి వర్తకుడు మరల రాడు. ఆ నగరము తిరిగి లేవకపోవుటకు కారణములు పెక్కు. వాటిలో ఇదియు నొకటియని నా నమ్మకము.

ఇక వివాదమునకు వత్తును. ఈ చిత్రముల క్రింద ఏమి వ్రాయవలెనని మా కార్యవర్గమున రెండు వారములు వాదము సాగెను. కొందఱు మిత్రులు "తెలుగు సామ్రాజ్య పతనము" అని వ్రాయుదమనిరి. మఱి కొందఱు "తురకల దౌర్జన్యము" అని వ్రాయుదమనిరి. ఉభయుల ఆవేదనయు నాకు తెలియును. అయినను ఈ రెండును తగవని నేను వాదించితిని, కారణములు చెప్పెదను.

మొదటిది. శ్రీకృష్ణదేవరాయలు మనకు ఆముక్తమాల్యద నిచ్చిన కవి. భువనవిజయమును మనము మఱచిపోజాలము. కాని విరూపాక్షాలయమున ఆయన పట్టాభిషేక కాలమున వేయించిన శాసనము సంస్కృతమునను కన్నడమునను కలదు. ఆంధ్రభోజుడని కీర్తి పొందిన ఆయనయే కన్నడరాజ్య రమారమణుడనియు పేరొందెను. ఆ రాజ్యమున శాసనములు కన్నడమున, తెలుగున, సంస్కృతమున, తమిళమున వెలసినవి. మనము ఒక్క భాష పేరు వ్రాసినచో, హంపీ మీది కాదని మన కన్నడ సోదరులతో చెప్పినట్లగును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు చేరినవి. బళ్లారి మైసూరున చేరినది. నాటినుండి మన తాతలు, తండ్రులు ఇచ్చట వారితో కలిసి బ్రదికిరి. మన పిల్లలకు తెలుగు బడి కావలెనని అడుగుట మన హక్కు; అందఱి ఆస్తిని మనదే యనుట హక్కు కాదు. రెండవదానిని పట్టుకొన్నచో మొదటిదానికి బలము తగ్గును.

రెండవది. దండెత్తినవారు బిజాపూరు, అహమ్మదునగరము, గోలకొండ, బీదరు సుల్తానులు. వారు చేసిన విధ్వంసమును దాచవలెనని నేననుట లేదు. వారి పేర్లు స్పష్టముగా వ్రాసితిమి. కాని వారిలో గోలకొండ ఇబ్రహీం కుతుబ్షా ఎవరు? సింహాసనమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరముననే శరణు పొందినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. మన కవులు మల్కిభరాముడని పిలిచిన తెలుగు కావ్యపోషకుడు, తెలుగువారు నివసించిన మహానగరమును నాశనము చేసిన నలుగురిలో నొకడు! బిజాపూరు సుల్తాను సైతము కొలది యేండ్లకు ముందు రామరాయలతో చేయి కలిపి అహమ్మదునగరముపై దండెత్తెను. సుల్తానులను ఒకరిపై నొకరిని ప్రయోగించిన రామరాయల రాజనీతియే చివరకు వారి నేకము చేసెను. ఇక నగరమున ఒక మసీదు కలదు. 1439లో దేవరాయల కొలువున నున్న అహమ్మదుఖాను దానిని తన ప్రభువు పుణ్యార్థము కట్టించి, శాసనమున ధర్మశాల యని పేర్కొనెను. నగరము పాడైన నాడు ఆ మసీదున నమాజు చేయు కుటుంబములును నిలువనీడ కోల్పోవలసినవే గదా!

మూడవది. ప్రతి శిథిలమును 1565 లెక్కలోనే వ్రాయుట న్యాయము కాదు. ఈ రెండవ గోడపై 1856లో గ్రీన్‌లా అను సైనికాధికారి తీసిన రాతిరథము చిత్రమును చూడుడు. రథముపై ఇటుకలతో కట్టిన శిఖరము కనబడును. ప్రక్కనే నేటి చిత్రము. అందు శిఖరము లేదు. దానిని ఏ సుల్తానును కూల్చలేదు. అది గత నూటడెబ్బది యేండ్లలో పోయినది. నిధుల కొఱకు త్రవ్వినవారు, రాళ్లు తరలించినవారు కూడ ఈ లెక్కలో వత్తురు. వర్తకుడు ఒకరి బాకీని మఱియొకరి ఖాతాలో వ్రాయరాదు. చరిత్రకును అదియే నీతి.

రేపటినుండి ఈ గదికి తెలుగు పిల్లలతో పాటు కన్నడ పాఠశాలల పిల్లలు, ఉర్దూ పాఠశాలల పిల్లలును వత్తురు. నాలుగు వందల అరువది యేండ్ల క్రిందటి సుల్తానుల పనికి మన వీథిలోని పిల్లవాడు తల వంచుకొని పోవలసిన అగత్యము లేదు. కావున చిత్రముల క్రింది వ్రాతలను మూడు భాషలలోను వ్రాయించితిమి. ఎవరు, ఎప్పుడు, ఏమి చేసిరో వ్రాసితిమి. జాతిపేరు, మతముపేరు పెట్టి నిందింపలేదు. చివరకు కార్యవర్గము దీనిని అంగీకరించినది. అంగీకరింపని మిత్రులును నేడు ఈ సభకు విచ్చేసిరి. వారికి నా కృతజ్ఞతలు.

మూడవ గోడ ఖాళీగా నున్నదని మీలో కొందఱు అడిగిరి. అది మీ కొఱకే. నగరము చెదరిన తరువాత జనులు పెనుకొండకు, అటుపై చంద్రగిరికి, ఇంకను ఎచ్చటెచ్చటికో పోయిరి. మన కుటుంబములు ఈ సీమకు ఎప్పుడు, ఎందుకు వచ్చినవో తెలుపు పాత దస్తావేజులు, తాళపత్రములు, లెక్కపుస్తకములు, దానపత్రముల నకళ్లు మీ పెట్టెలలో నుండిన తీసికొని రండు. నకలు వ్రాసికొని మూలమును మీకే తిరిగి ఇత్తుము. ఆధారము లేని కథయైనచో "ఇంటివారి కథనము" అని వ్రాయుదుము. మా పెద్దలు రాయల కొలువునుండి వచ్చిరని చెప్పుకొనుట ఇంపుగానే యుండును. కాని కాగితము లేనిదే ఖాయమని వ్రాయము. ఇంటనున్న ముసలివారిని ఈ నెలలోనే అడుగుడు. వారు చెప్పగలిగినది వారితోనే పోవును.

విరూపాక్షాలయమున పూజ నేటికిని జరుగుచున్నది. పండుగనాడు అచ్చట ఏ భాషవారు వచ్చినను ఆ వీథిలోనే నడతురు. మీరు కమలాపురము వెళ్లినప్పుడు పురావస్తుశాలలో హంపీ నమూనాను పిల్లలకు చూపుడు; కోటలు, గుడులు చూపిన పిమ్మట, వాటి నడుమ ఖాళీగా కనబడు నేలను కూడ చూపి, ఇచ్చట జనులు కాపురముండిరని చెప్పుడు.

 ఇక లోపలికి దయచేయుడు.