వైశాఖపు నీడ

(గూడూరులో వైశాఖమాస ప్రసంగముల సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



సాయంసంధ్య దాటి పైరగాలి తిరిగిన ఈ వేళ, ఆలయ ప్రాంగణంలో ఇందరు పెద్దలు చేరి కూర్చుండుట చూస్తే మనసుకు ఎంతో నిండుగా ఉన్నది. పంచాంగం ప్రకారం వైశాఖం వసంత ఋతువులోనిదే. చైత్ర వైశాఖాలు వసంతమనీ, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మమనీ మనమందరం చిన్ననాడే వల్లె వేసినాము. కాని మన కృష్ణా డెల్టాలో ఎండకు ఆ లెక్క పట్టదు. ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే ఎండ నెత్తిమీదికి వస్తుంది. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న సామెత ఉండనే ఉన్నది.

శ్రీమద్భాగవత దశమస్కంధంలో వ్యాసభగవానుడు ఇందుకు విపరీతమైన చిత్రమొకటి చూపించారు. బృందావనంలో గ్రీష్మం ప్రవేశించినది. అయినా అక్కడివారికి అది వసంతంవలెనే తోచినది. సెలయేళ్ళ తుంపరలు, చెట్ల పచ్చదనం, కమలాల మీదుగా వచ్చే గాలి అందుకు కారణాలు. అన్నిటికీ మించిన కారణం బలరామకృష్ణులు ఆ నేల మీద తిరుగాడుట. మనకు వసంతమే గ్రీష్మమైనది. వారికి గ్రీష్మమే వసంతమైనది. ఆ మార్పు మన గూడూరులో, మన ఇంటి ముంగిట, ఉద్యోగ వ్యవసాయాలనుండి విరమించిన ఈ వయసులో సాధ్యమా? ఇదే నేటి మన విచారణ.

ఇక్కడ కూర్చున్నవారిలో బడిపంతుళ్ళుగా పనిచేసి విరమించినవారున్నారు. కార్యాలయాలలో దస్త్రాలు మోసినవారున్నారు. పొలం కౌలుకిచ్చి కొడుకు సంపాదన చూస్తున్న రైతులున్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. వేసవి రాగానే ఫోనులో వారు చెప్పే మాట ఒక్కటే: "నాన్నగారూ, బయటికి వెళ్ళకండి. తలుపులు వేసుకుని చల్లగా ఇంట్లో ఉండండి." అది ప్రేమతో చెప్పిన మాట. మధ్యాహ్నానికి అది వేదవాక్యమే. కాని తెల్లవారుజాముకూ, సాయంకాలానికీ కూడా అదే వర్తింపజేసుకుంటే, మూడు నెలలపాటు మనిషి తన ఇంటిలో తానే బందీ అవుతాడు.

పూర్వులు ఈ వయసుకు వానప్రస్థమని పేరు పెట్టారు. తల నెరసి, మనుమని ముఖం చూచిన గృహస్థు వనానికి వెళ్ళవలెనని ధర్మశాస్త్రం. వేసవిలో ఆ వానప్రస్థుడు చుట్టూ నాలుగు అగ్నులు, పైన సూర్యుడు ఉండగా పంచాగ్ని మధ్యమున తపస్సు చేయవలెనని మనువు విధించాడు. అంతటి తపస్సు మన వల్ల కాదు. మన శరీరాలకు తగదు కూడా. వనానికి పోవుటకు మన చుట్టూ వనమూ లేదు. ఉన్నవి వరిపొలాలు, చేపల చెరువులు. అయితే వానప్రస్థం వదిలివేయవలసినదేనా? అక్కరలేదు. వనమంటే చెట్లే గదా! ఇంటి ముందు ఒక వేపచెట్టు, ఒక కానుగచెట్టు ఉన్నా మనకది వనమే.

ఆ చెట్టు కింద ఏమి చేయవలెను? దీనికి సమాధానం నాకు పుస్తకంలో దొరకక ముందే, ఒక పొరపాటులో దొరికినది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత వచ్చిన మొదటి వేసవిలో, నేను కూడా పిల్లల మాట విని తలుపులు బిగించుకుని కూర్చున్నాను. ఒకనాడు మిట్టమధ్యాహ్నం తాటిముంజలు అమ్ముకునే తల్లి ఒకామె మా గుమ్మంలో నిలిచి మంచినీళ్ళు అడిగినదట. లోపల కూలరు హోరులో నాకు ఆ పిలుపు వినబడలేదు. ఆమె కాసేపు చూచి, గంప ఎత్తుకుని ముందుకు పోయి, వీధి చివర కళ్ళు తిరిగి కూలబడినది. అక్కడివారు నీడకు చేర్చి, ముఖం తడిపి, నీళ్ళు పట్టించారు. దైవకృప వలన తేరుకున్నది. సాయంకాలం ఈ సంగతి ఎవరో మామూలుగా చెప్పారు. నన్నెవరూ తప్పు పట్టలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయనగారి కాలంలో ఆ ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఒక మనిషి, ఒక కుండ ఉండేవి. నా కాలంలో మనిషీ లేడు, కుండా లేదు.

అప్పుడు వైశాఖ మాహాత్మ్యంలోని హేమాంగుని కథ గుర్తుకు వచ్చినది. స్కాంద పురాణంలో నారదమహర్షి అంబరీషునకు ఈ మాస మహిమను వివరిస్తాడు. హేమాంగుడు ఇక్ష్వాకు వంశపు రాజు. గోదానాలు, భూదానాలు లెక్కలేనన్ని చేసినవాడు. జలదానం మాత్రం చేయలేదు. నీరు అందరికీ సులభంగా దొరికేదే గదా, అది ఇచ్చుటలో గొప్ప ఏమున్నదని అతని తలంపు. ఆ లోపం వలన చాతకం మొదలైన జన్మలెత్తి, కడకు మిథిలానగర రాజగృహంలో బల్లియై పడియున్నాడు. ఒకనాడు ఆ ఇంటికి వచ్చిన మహాత్ముని పాదాలు కడిగిన నీటిబొట్లు మీద పడగా పూర్వజన్మ స్మృతి కలిగి తరించాడు. ఏ నీటిని చులకన చేశాడో ఆ నీటి చుక్కయే అతనిని ఉద్ధరించినది!

నీరు సులభమైనదని అనుకొనుట మన ప్రాంతంలో మరింత పొరపాటు. విజయవాడ వద్ద 1855లో పూర్తియైన ఆనకట్ట, దాని స్థానే 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి మన కాలువలకు ప్రాణం పోసినవి. అయితే వేసవిలో ఆ కాలువలు కట్టివేస్తారు. అంతకు ముందు నింపుకున్న మంచినీటి చెరువే ఊరికి ఆధారం. సముద్రం దగ్గర కావడం చేత బోరు వేసిన చోటనెల్లా తీపినీరు పడదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారు మీలో ఉన్నారు. దివిసీమలో ఉప్పునీరు చెరువులను ముంచెత్తగా, ప్రాణాలు దక్కినవారికి గుక్కెడు మంచినీరే కరవైనది. నాడు పాతికేళ్ళ యువకులు నేడు డెబ్బది దాటిన పెద్దలు. చెంబెడు నీటి విలువ మీకు ఎవరు చెప్పవలెను?

ఇక అసలు విషయానికి వస్తాను. దశమస్కంధంలోనే మరొక చోట, మండుటెండలో శ్రీకృష్ణుడు గోపబాలురతో నడచిపోతూ చెట్ల నీడన నిలుస్తాడు. ఆ చెట్లు గొడుగులు పట్టినట్లు తమకు నీడనిచ్చుట చూచి, శ్రీదాముడు, సుబలుడు మొదలైన మిత్రులను పేరుపేరునా పిలిచి చూపిస్తాడు. ఈ చెట్లు ఎంత ధన్యములో చూడుడు. గాలి, వాన, ఎండ, మంచు తాము భరించి మనలను కాపాడుచున్నవి, అడిగినవానిని ఏనాడూ వట్టి చేతులతో పంపవు అని మెచ్చుకుంటాడు. గమనించండి. పరమాత్మ అక్కడ మెచ్చుకున్నది తపస్సు చేసే మునిని కాదు, దానమిచ్చే రాజును కాదు. కదలక ఒకే చోట నిలిచి నీడనిచ్చే చెట్టును!

పదవీ విరమణ చేసినవాని చింత ఏమి? "ఇక నేను ఎక్కడికీ పోలేను, ఎవరికీ పనికిరాను" అని. చెట్టు కూడా ఎక్కడికీ పోదు. పోకపోవుటే దాని ప్రయోజనం. ఎండన పడి వచ్చిన బాటసారికి అది నిన్న ఉన్న చోటనే నేడూ కనబడుతుంది. వాకిట్లో ప్రతిదినం ఒకే వేళకు, ఒకే చోట కనబడే పెద్దమనిషి కూడా వీధికి ఒక చెట్టు వంటివాడు.

కనుక మన వేసవి దినచర్య ఇట్లుండవలెను. తెల్లవారుజామున లేచి, సూర్యుడు పైకి రాకముందే చెరువుగట్టు మీదనో, కాలువగట్టు మీదనో నడవండి. వరి, మినుము కోతలు ముగిసి ఖాళీగా ఉన్న పొలాల మీద కొంగలు వాలుట, తాటిచెట్ల వెనుక తూర్పు ఎర్రబడుట చూడండి. సంధ్యావందనానికి ఇంతకంటె మంచి మందిరం లేదు. వీలైన నాడు తెల్లవారగానే బయలుదేరి, ఎండెక్కకముందే తిరిగి వచ్చేటట్లు దగ్గరి క్షేత్రాలను దర్శించండి. క్షేత్రయ్య పదాలలో ముద్రగా నిలిచిన మువ్వగోపాలుడు మొవ్వలో ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నంలో కనిపించి తెలుగున ఆముక్తమాల్యద రచింపుమని ఆనతిచ్చిన ఆంధ్రమహావిష్ణువు శ్రీకాకుళంలో ఉన్నాడు. పాండురంగడు బందరు చిలకలపూడిలోనే ఉన్నాడు. కాశీకి పోలేకపోతినే అని విచారించే మనం, ఇంటి చెంతనున్న స్వామిని చూచి ఎన్నేళ్ళయినదో లెక్క చూచుకోవలెను.

ఎండెక్కిన తరువాత ఇంటిపట్టున ఉండండి. ఇది పిల్లల మాటే కాదు, వైద్యుల మాట కూడా. 2003 వేసవిలో వడగాలులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వయసు మీరినవారికి దాహం తొందరగా తెలియదు. కనుక దాహం వేయకున్నా నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగుతుండవలెను. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగవలెనో వైద్యునే అడగవలెను. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. కనుక నీడలో ఉన్నామన్న ధీమా కూడదు. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి పడిపోతే వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ, 108కి ఫోను చేయించండి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

అయితే ఇంటిపట్టున ఉండుట వేరు, తలుపు మూసుకొనుట వేరు. వాకిట నీడపట్టున ఇసుక పోసి, దానిమీద ఒక కొత్త కుండ ఉంచండి. కుండ సన్నని రంధ్రాలలో నుండి ఊరిన చెమ్మ గాలికి ఆరుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కనుక గాలి తగిలే చోటనే పెట్టవలెను. దినదినం కడిగి మంచినీరు నింపి, మూత పెట్టి, కాడ ఉన్న గరిటె ఉంచండి. పక్షులకు గోడ మీద ఒక మూకుడు. పిలుపు వినబడేటట్లు ఒక కిటికీ తెరచి ఉంచండి. వైశాఖంలో జలదానం, ఛత్రదానం, పాదుకాదానం, విసనకర్ర దానం పురాణం ఏరి కోరి చెప్పినదంటే, అవి ఎండన తిరిగేవాని అవసరాలు గనుకనే.

మధ్యాహ్నం తిరిగినాక సముద్రపు గాలి మొదలవుతుంది. నేల త్వరగా వేడెక్కి, ఆ వేడిగాలి పైకి లేవగా, సముద్రం మీది చల్లని గాలి ఆ చోటికి వస్తుంది. పడమటి గాలి బలంగా వీచిన నాడు అది ఆలస్యమై మనలను ఉడికిస్తుంది. అయినా వచ్చిన నాడు అది భగవంతుని వింజామరమే. ఆ వేళకు అరుగు మీదకో, చెట్టు కిందకో రండి. నులకమంచం వాల్చుకోండి. సెలవులకు వచ్చిన మనుమలకు ఫోను పక్కన పెట్టించి, ముంజలు తినిపిస్తూ, ప్రహ్లాదుని కథ చెప్పండి. వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహజయంతి గదా! ఎదురింటి ఒంటరి ముసలమ్మను "అక్కయ్యా, గాలి తిరిగింది, రండి" అని పిలవండి. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె పగలంతా ఎదురు చూచియుండవచ్చు.

చెట్టు లేని ఇంటివారు ఈ ఎండలలోనే గొయ్యి తవ్వించి ఎండనివ్వండి. తొలకరికి వేపో, కానుగో నాటండి. చైత్ర వైశాఖాలలోనే కానుగ కొత్త చిగురు తొడిగి, ఎండ ముదిరే నాటికి దట్టమైన నీడ పరుస్తుంది.

మా వాకిట ఇప్పుడు కుండ ఉన్నది. ఆ ముంజలమ్మ మరుసటి యేడు వచ్చి, నీళ్ళు తాగి, "చల్లగా ఉండండి బాబుగారూ" అని పోయినది. నాకు లభించిన ఆశీర్వచనాలలో దానికి సాటి మరొకటి లేదు. నాడు ఆమె పిలుపు నేను వినలేదు. నేడు నా మాట మీరు విన్నారు. ఇంటికి పోయి, రేపు ఉదయమే కుండ కడగండి. బృందావనంలో గ్రీష్మాన్ని వసంతంగా మార్చిన స్వామి, దప్పికతో వచ్చినవాని రూపంలో మన వాకిటకు కూడా వస్తాడు. అప్పుడు మనం అక్కడ ఉండవలెను.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. స్వస్తి.