చీర వెనక్కి తిప్పి చూడండి

పట్టాలు అందుకున్న పిల్లలకు, వాళ్ళను ఇంతదాకా తెచ్చిన అమ్మానాన్నలకు అభినందనలు.

నా ఉద్యోగమంతా చేనేత శాఖలోనే గడిచింది. అందుకే నాకు బాగా తెలిసిన ఒక్క సంగతే మాట్లాడతాను: నకిలీ పోచంపల్లి.

పోచంపల్లి చీరలో బొమ్మ ముందు నూలులో పుడుతుంది, ఆ తర్వాతే మగ్గమెక్కుతుంది. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట బిగించి చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి మళ్ళీ కట్టాలి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తన తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత కష్టాన్నీ మిల్లు గుడ్డ మీద అచ్చేసి, అదే పేరుతో అమ్మేస్తున్నారు.

ఇలా ముందే రంగులద్దిన నూలుతో నేసే పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరును దొంగతనంగా తగిలించి అమ్మితే మూడేళ్ళ దాకా జైలు. ఒకసారి పోలీసులతో కలిసి తనిఖీకి వెళితే దుకాణదారు నాతో అన్నాడు: "కొనేవాళ్ళకు అన్నీ తెలుసు సార్. డూప్లికేటే చూపించమంటారు." ఆయన మీద కేసు పెట్టాం. తెలిసి కొన్నవాళ్ళ మీద ఏ కేసు పెట్టాలి?

నా దిగులంతా అక్కడే. మీ చేతి గడియారాల్లో, కాళ్ళ బూట్లలో ఫస్ట్ కాపీ పేరుతో వచ్చే నకిలీలు ఎన్ని? పరీక్షలో కాపీ కొడితే డిబార్ చేస్తారని భయపడ్డ మీరే, బజారులో కాపీని బేరమాడి మరీ కొంటారేమర్రా! డబ్బు చాలకపోతే మామూలు చీర కొనండి, అందులో చిన్నతనమేమీ లేదు. ప్రింటు చీరను ప్రింటు చీర అనే అమ్మితే నాకు పేచీ లేదు. దొంగపేరు పెట్టుకున్న చీరలో మీకు మిగిలేది నేతన్న కూలి.

రేపు మీలో కొందరు ఆన్‌లైన్ అంగళ్ళలో ఉద్యోగాలు చేస్తారు. ప్రింటు చీర ఫొటో కింద ‘పోచంపల్లి’ అని రాయమంటే, రాయనని చెప్పండి. కొనేటప్పుడు చీర వెనక్కి తిప్పండి. ఇకత్‌లో రంగు రెండు వైపులా కనిపిస్తుంది, అచ్చులో వెనకవైపు వెలవెలబోతుంది. హ్యాండ్‌లూమ్ మార్క్ చూడండి, బిల్లు అడగండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొనేవాడు వద్దన్ననాడే నకిలీ వ్యాపారం మూతపడుతుంది. ఆ వద్దనే మాట మీతోనే మొదలుపెట్టండి.