నాలుక త్రిప్పు ఆవు



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి మాటలాడుట ఉచితము. కాని అందుకు తగిన పెద్దలు ఇచ్చట పలువురు కలరు. నాకు తెలిసినది పశువుల కొట్టము.

పూర్వము మా యింట ఒక పాడి ఆవుండెడిది. దాణా ముగిసిన వెంటనే అది మెడ చాచి, నోరు తెరచి, నాలుకను వెలికి తీసి గాలిలో సుళ్లు త్రిప్పుచు చాలసేపు నిలుచుండెడిది. కొందరు అపశకున మనిరి. మా తండ్రిగారు దానికి పొగరు హెచ్చినదని తలచి పలుపును కురుచ చేసిరి. అలవాటు మరింత ముదిరినది. తుదకు సంతలో సగము వెలకు అమ్మివేసితిమి. దోషము ఆవునందు కాక మా కొట్టమునందే యున్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

ఆవు పైదవడకు ముందరి పండ్లు లేవు. అది నాలుకతో గడ్డిని చుట్టి లాగికొనును. బీటిలో విడిచిన ఆవు దినమునకు సుమారు 8 గంటలు ఇట్లు మేయును. మరి 7, 8 గంటలు నెమరు వేయును. కట్టుగొయ్య కడ మేత కొద్దిసేపటిలో ముగిసినచో ఆ నాలుకకు పని యేది? అది గాలినే మేయును.

1987లో హాలెండు దేశమున వీప్కెమా మొదలగు శాస్త్రజ్ఞులు, మాంసమునకై విడివిడిగా నుంచి పాలతో పెంచిన దూడలను పరిశీలించిరి. నాలుక త్రిప్పిన దూడల కడుపులో పుండ్లు కానరాలేదు. త్రిప్పని వాటియందు కానవచ్చినవి. ఒక్క పరిశీలనతో అంతయు తేలదు, అలవాటు మంచిదనియు నేననను. కాని అదే కొట్టములో కదలక మెదలక నిలుచున్న పశువు సుఖముగా నున్నదని మాత్రము నమ్మకుడు. నాలుక త్రిప్పునది మనకు కనబడుచున్నది, రెండవది కనబడుటలేదు.

గుడ్డలు, ఎముకలు, మన్ను నమలుట వేరు సంగతి. అందు తరచుగా భాస్వరపు కొరత యుండును. దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతమున థైలర్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు, ఆ కొరతచే పశువులు కళేబరముల యెముకలు నమలి, వాటియందలి విషముచే చచ్చుచున్నవని కనుగొనెను. వరిగడ్డిలో భాస్వరము స్వల్పము; తవుడులో హెచ్చు. ఖనిజ లవణముల మిశ్రమమును వైద్యుడు చెప్పిన కొలతలో దాణాతో కలుపవలెను.

ఈనిన కొలది వారములలో ఆవు హఠాత్తుగా గోడలను, తన దేహమును వెర్రిగా నాకినచో రక్తమున చక్కెర తగ్గియుండవచ్చును. చొంగ కార్చుచు, మ్రింగలేక, వింతగా అరచినచో రేబీస్ కావచ్చును. గొంతులో ఏదో అడ్డుపడినదని నోట చేయి పెట్టవలదు! వెంటనే పశువైద్యుని పిలువుడు.

మిగిలిన దానికి మందు మేతయే. గడ్డిని ఒకేసారి గాక పలుమారులు, రాత్రికి కూడ మిగులునట్లు వేయుడు. పలుపు పొడవుగా నుంచుడు. దినమునకు కొన్ని గంటలైన విప్పి విడువుడు. కోతయంత్రములు వచ్చిన పిదప చేలలో గడ్డిని తగులబెట్టి, ఇంట పశువునకు దాణా మాత్రమే పెట్టువారిని చూచినపుడు నాకు కోపము వచ్చును.

మా ఆవును కొన్న రైతు దానిని తోటలో విడిచి మేపెను. రెండేండ్లకు నేను చూచితిని. మేయునంతసేపు ఆ అలవాటు లేదు. సాయంకాలము కట్టుగొయ్యకు కట్టిన పిదప మాత్రము కొంతసేపు నాలుక త్రిప్పెను.