ధ్రువపు సుడి, మన్యపు చలి

ధనుర్మాసమున చోడవరములో తెల్లవారుజామున బయటకు వచ్చినచో చెరకు తోటలపై మంచు పొగవలె పరచుకొని యుండును. మాడుగుల మీదుగా ఘాటెక్కి పాడేరు చేరుసరికి చలి ఎముకలు కొరుకును. ఇది ఉత్తర ధ్రువమునుండి దిగివచ్చిన చలియేనా యని పలువురు మమ్ము అడుగుచున్నారు. అమెరికాలో బిడ్డలున్న యిండ్లకు ‘పోలార్ వోర్టెక్స్’ అను మాట క్రొత్తది కాదు గదా!

ఆ సుడి ఎట్లేర్పడునో చూతము. శరదృతువు ముగియగా ధ్రువప్రాంతమున సూర్యుడు నెలల తరబడి కానరాడు. భూమికి 15 మొదలు 50 కిలోమీటర్ల యెత్తున ఓజోను వాయువు ఎండను గ్రహించి గాలిని వేడి చేయుచుండును. ఎండయే లేనపుడు ఆ వేడి యెక్కడిది? అచటి గాలి సున్నకు దిగువ 80 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లబడును. దానికిని దక్షిణపు వెచ్చని గాలికిని గల తారతమ్యమువలనను, భూభ్రమణమువలనను, ధ్రువమును చుట్టి పడమటినుండి తూర్పునకు పెనుగాలి తిరుగ నారంభించును. ఆ సుడి బిగువుగా నున్నంతకాలము చలి చాలవరకు ఉత్తరముననే నిలిచి యుండును.

ఒక్కొక్క శీతకాలమున, పర్వతములవలన పుట్టిన మహాతరంగములు పైకెగసి సుడిని చెదరగొట్టును. అపుడు ఆ పైగాలి కొలది దినములలోనే 30, 40 డిగ్రీలు వేడెక్కును. ఈ వింతను బెర్లినులో షెర్హాగ్ అను శాస్త్రజ్ఞుడు 1952లో మొదట గుర్తించెను. 2021 జనవరిలో అట్లే జరిగినది. ఫిబ్రవరిలో మనవారు వేలాదిగా నివసించు టెక్సాసు గడ్డకట్టినది. 16వ తేదీన డల్లాసులో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీలు! విద్యుత్తు లేక లక్షలాది యిండ్లు వణికినవి. ఆ రాష్ట్రపు లెక్క ప్రకారము 246 మంది మరణించిరి. మొదటిదే రెండవదానికి కారణమా యన్న విషయమున శాస్త్రజ్ఞులు ఇంకను వాదించుచునే యున్నారు.

మన మన్యపు చలి పుట్టుక వేరు. ధ్రువపు చలిగాలి నేరుగా మనపైకి రాకుండ హిమాలయములు అడ్డు నిలిచినవి. ఉత్తరదేశపు పొడిగాలి కొంత వీచుట నిజమే. కాని లంబసింగిలో గడ్డిపై మంచు పేరుటకు ముఖ్యకారణము ఆ రాత్రి ఆకాశమే. మబ్బు లేక, గాలి కదలక యున్నపుడు నేల తన వేడినంతయు పైకి విడిచివేయును. చల్లబడిన గాలి బరువెక్కి, వాలునుండి నీరువలె జారి లోయలో నిలుచును. బంగాళాఖాతమున వాయుగుండము పట్టి మబ్బు కమ్మెనా, ఆ రాత్రి చలి సగము తగ్గును. మన్యపు ముసలివారికి ఇది మాకంటె బాగుగా తెలియును.

చలి యెక్కడ పుట్టినను ఒక్క ప్రమాదము మాత్రము రెండు చోట్ల నొక్కటే. టెక్సాసులో ఇంటిలోపల బొగ్గులు కాల్చుకొని కొందరు ప్రాణములు కోల్పోయిరి. మూసిన గదిలో కుంపటినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానికి తెలియనే తెలియదు. కావున నెగడు ఆరుబయటనే వేసికొనవలెను. కుంపటిని లోపలికి తెచ్చినచో కిటికీ తెరచియుంచి, నిద్రకు పూర్వమే దానిని వెలుపల పెట్టవలెను.